జనవరి ఒకటి

గుణుపురంలో బస్సు దిగినప్పుడు
నా డిగ్రీ కంటే నా గొడుగే పనికొచ్చింది.
వంశధార మీద వాన అడ్డంగా కురుస్తోంది.
దుకాణాల మీది ఒడియా అక్షరాలు
మన అక్షరాలే తలో గొడుగూ వేసుకుని
నిలబడ్డట్టున్నాయి.

నెలకు ఐదువేలు, కొండ దిగువన రేకుల గది.
ఏడాదిపాటు సవర ఊళ్ళు తిరిగి
ముసలివాళ్ళ కార్డులకీ పింఛన్లకీ కాగితాలు నింపాలి.
మా ఇంట్లో దీన్ని ఉద్యోగమని చెప్పుకోలేక
"ట్రైనింగులో ఉన్నాడు" అన్నారు చుట్టాలతో.

పేరు గడి బాగానే సాగింది.
ఊరూ తండ్రిపేరూ సరే.
పుట్టిన తేదీ దగ్గర కలం ఆగింది.

సుంబారి సబర
సవరలో మొదలుపెట్టి తెలుగులోకి దిగింది:
"నాను పుట్టినప్పుడు నానేటి సూసినానా బాబూ?
ఆ యేడు ఏరొచ్చి మా అయ్య గిత్తని లాక్కుపోనాదట.
కొండమీద కందులు కోసీసి, ఇంకా కట్టలు కట్టలేదట.
మాయమ్మ ఆ పోడులోనే కనీసింది."

ఇంత కచ్చితమైన తేదీ
నేనే పుస్తకంలోనూ చదవలేదు.
గడిలో మాత్రం ఎనిమిది అంకెలే పడతాయి.

బ్లాకాఫీసులో పండా బాబు
పాన్ బుగ్గకి తోసి దారి చూపించాడు.
"జనవరి ఒకటి వేసెయ్. అందరికీ అదే.
సంవత్సరం మొహం చూసి వేసుకో."

వేశాను.
సుంబారికి, డుంబురు గొమాంగోకి,
సుంబారి మరిది లక్కాయికి.
నా చేతిరాతలో ఆ ఊళ్ళో ముసలివాళ్ళందరూ
ఒకే తెల్లవారుజామున పుట్టారు.
మంత్రసాని ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగిందో!

లక్కాయి నవ్వితే పళ్ళన్నీ ఉన్నాయి.
జీలుగు చెట్టు ఎక్కి కల్లు దించి
నాకు ఆనపబుర్రలో పోశాడు.
యాభై ఎనిమిది, అని రాశాను.

అక్టోబరులో అతని కాగితం వెనక్కొచ్చింది.
అరవై నిండలేదు.
మళ్ళీ రాశాను. పండా బాబుని బతిమాలాను.
కార్డులో ఒకసారి పడ్డ అంకె
అంత తొందరగా కదలదన్నాడు.
వేలిముద్రల యంత్రం అతని వేళ్ళనీ గుర్తుపట్టలేదు.
రాళ్ళు ఏరిన వేళ్ళు,
నున్నగా, ఏటి గులకరాళ్ళలా.

జనవరి ఒకటిన కిలో లడ్డూలు పట్టుకెళ్ళాను.
"ఎవులికి పుట్టినరోజు?"
"మీ అందరికీ."
సుంబారి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది,
దగ్గొచ్చేదాకా.
లక్కాయి లడ్డూ సగం కొరికి
మిగతా సగం చెవి మీది బీడీ పక్కన
పెట్టుకోబోయాడు, పిల్లలు గోల చేశారు.

ఇప్పపూలు రాలే నెలలో అతనికి జ్వరమొచ్చింది.
మంచం మీద మోసుకుని దిగాం.
నేను ఎడమవైపు కాలు పట్టుకున్నాను.
రోడ్డు కనిపించేసరికి
మంచం బరువు మారినట్టు తెలిసింది.
ఎవరూ ఏమీ అనలేదు. కాసేపు అలాగే నడిచాం.

పదకొండో రోజున సుంబారి నా గదికొచ్చి
చింతపండు ముద్ద ఒకటి గడపలో పెట్టింది.
నేనే మొదలుపెట్టాను: ఆ అంకె...
"నీ తప్పేటుంది బాబూ.
ఆడు కుర్రోడే గావాల.
నువ్వు రాసిందే నిజిం గావాల."
తిట్టి ఉంటే
నిద్ర పట్టేది.

విశాఖలో ఏసీ గది.
ఎదుటాయన నా కాగితం మీద వేలు పెట్టి అడిగాడు:
"ఇక్కడ ఏడాది ఖాళీ ఉందేమిటి?"

తేదీ నాకు తెలుసు.
కోతులు చోళ్ళ చేను మీద పడ్డ ఏడు.
రేకుల మీద వాన పడితే
సొంత గొంతు వినిపించని ఏడు.
అరిగిపోయిన వేలుని తడి గుడ్డతో తుడిచి
మళ్ళీ, మళ్ళీ, గాజు మీద అదిమిన ఏడు.
పళ్ళు చూసి
ఒక మనిషికి వయసు తక్కువ రాసిన ఏడు.

"కంప్యూటర్ కోర్సు చేశానండీ"
అన్నాను.